ఐదేళ్లు పక్కనే ఉన్నాను, నేర్పింది ఎవరు?

తిరుపతి నుంచి 26 ఏళ్ల యువకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సొంతూరు పాకాల దగ్గర పల్లె. డిప్లొమా చదివి, తిరుపతిలో మైక్ సెట్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తున్నారు. ఇంట్లో ప్రభువును నమ్ముకున్నది తల్లి, తనూ మాత్రమే. 5 ఏళ్లుగా రేణిగుంట రోడ్డు వైపు, ఏ పెద్ద సంఘ వ్యవస్థకూ చెందని ఒక స్వతంత్ర సంఘంలో ఉన్నారు. శనివారం రాత్రి సౌండ్ సర్దడం, ఆదివారం కుర్చీలు వేయడం, పాస్టర్ గారిని ఇంటి కూడికలకు బైకు మీద తీసుకెళ్లడం, బయటి నుంచి బోధకులొస్తే స్టేషన్‌కెళ్లి తీసుకురావడం అన్నీ ఆయనే చూసుకుంటారు. తండ్రి వేలూరు ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు పాస్టర్ గారు 11 రోజులు పక్కనే కూర్చున్నారట. "ఆయన నాకు ఆత్మీయ తండ్రి" అని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు.

బాధ కూడా ఆయన దగ్గరే మొదలైంది. 5 ఏళ్లలో రెండుసార్లు సాక్ష్యం (దేవుడు తనకు చేసిన మేలు) చెప్పనిచ్చారు, వాక్యం చెప్పడానికి ఒక్కసారీ నిలబెట్టలేదు. అడిగితే "దేవుని సమయం రావాలి" అంటారు. రాత్రుళ్లు ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటు గురించి ఈయన పాస్టర్ గారి దగ్గర ఏడ్చి చెప్పుకున్నారు. రెండు నెలల తర్వాత యూత్ మీటింగ్‌లో పాస్టర్ గారు "మన మధ్య మైకు పట్టుకునే చేతులే రాత్రి ఫోన్ పట్టుకుంటున్నాయి" అన్నారట. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఇంతలో చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక బోధకుడు "నా దగ్గరికి రా, మూడు నెలల్లో పాస్టరుగా అభిషేకం చేయిస్తా, పుత్తూరులో బ్రాంచి పెట్టిస్తా, నెలకు 8,000 ఇస్తా" అన్నారు. ఆదివారం సాయంత్రాలు సొంతూరిలో ఆరుగురు కుర్రాళ్లకు ఈయన బైబిలు చెబుతుంటారు. "నేను వెళ్లిపోతే పాపమా? అభిషిక్తులను, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను, ముట్టకూడదంటారు. అసలు నాలాంటివాడికి నేర్పేవాళ్లు దొరుకుతారా? ఆ కుర్రాళ్లను ఏం చేయను?" ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ,

మీ ఉత్తరంలో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. నాన్నగారి విషయంలో పాస్టర్ గారు చేసిన మేలు ఒకటి. నమ్మి చెప్పిన మాట బయటపడటం ఒకటి. ఐదేళ్లయినా పరిచర్య నేర్పకపోవడం ఒకటి. కొత్తగా వచ్చిన పిలుపు ఇంకొకటి. ఈ నాలుగూ కలిసి ఒకే బరువుగా మీ మీద కూర్చున్నాయి. మేలు గుర్తొస్తే గాయం గురించి అడగడం కృతఘ్నత అనిపిస్తుంది, గాయం గుర్తొస్తే ఆ బోధకుడి మాట దేవుడి జవాబులా వినిపిస్తుంది. వీటిని విడదీసుకుంటే దేనికి ఏం చేయాలో కనిపిస్తుంది.

మొదట నేర్పడం సంగతి. మీరు ఐదేళ్లు పాస్టర్ గారికి దగ్గరగా ఉన్నారు. దగ్గరుంటే నేర్చుకున్నట్టేనని మన సంఘాల్లో చాలామంది నమ్ముతారు. అది సగమే నిజం. మార్కు 3వ అధ్యాయంలో యేసు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో ఒకే వాక్యంలో ఉంది: తనతో ఉండటానికి, ఆపైన పంపబడటానికి. పంపిన తర్వాత వాళ్లు తిరిగొచ్చి తాము చేసినవన్నీ ఆయనకు చెప్పుకున్నారు. ఒక కుర్రవాడిలోంచి దయ్యాన్ని వెళ్లగొట్టలేకపోయినప్పుడు ఇంట్లోకెళ్లి ఏకాంతంగా "మేమెందుకు వెళ్లగొట్టలేకపోయాం?" అని అడిగారు, ఆయన చెప్పాడు. తోడుండటం, పంపడం, తిరిగొచ్చి చెప్పడం, దిద్దించుకోవడం అనే నాలుగూ ఉంటేనే అది శిష్యరికం. మీకు మొదటిది మాత్రమే దొరికింది. అందుకే ఐదేళ్లు గడిచినా చేతికి ఏమీ రానట్టు అనిపిస్తోంది. లోపం మీ భక్తిలో ఉందని అనుకోకండి.

పాస్టర్ గారిది దురుద్దేశమని కూడా వెంటనే అనుకోవద్దు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ లాంటి సంఘాల్లో సేవకు వచ్చేవాళ్లకు ఒక దారి వేసి ఉంటుంది. వేదాంత కళాశాల, ఆ తర్వాత ఒక పెద్ద సేవకుడి కింద కొంతకాలం పని, పరీక్షించాక అభిషేకం. ఆ దారిలోనూ లోపాలున్నాయి, కానీ దారంటూ ఒకటుంది. స్వతంత్ర సంఘంలో అదంతా ఒక్క మనిషి చేతిలోనే ఉంటుంది, ఆ మనిషికి చాలాసార్లు ఎవరూ నేర్పి ఉండరు. తనంతట తాను పడుతూ లేస్తూ నేర్చుకున్నవాడికి ఇంకొకరికి మెట్టుమెట్టుగా ఎలా నేర్పాలో తెలియదు. దీనికి భయం తోడవుతుంది. సహాయకుడికి మైకిస్తే రెండేళ్లకు ఇరవై కుటుంబాలను తీసుకుని పక్కవీధిలో సంఘం పెట్టిన ఉదంతాలు ఆయన చూసే ఉంటారు. స్థలం, కట్టడం, కానుకలు, ఇల్లు గడవడం అన్నీ ఆ ఒక్క ప్రసంగ పీఠం మీదే నిలిచి ఉన్నప్పుడు, దాన్ని పంచుకోవడం అన్నం పళ్లెం పంచుకున్నట్టు ఉంటుంది. ఇది సమర్థన కాదు. కారణం తెలిస్తే ఎలా అడగాలో తెలుస్తుందని చెబుతున్నాను. "నాకు అవకాశం ఇవ్వండి" అంటే ఆయనకు "మీ పీఠం ఇవ్వండి" అని వినిపించవచ్చు. "నా పనిని మీరు చూసి దిద్దండి" అంటే అలా వినిపించదు.

అయితే ఆ అడగడం ఇప్పుడే కాదు. ముందు గాయం సంగతి తేలాలి. రెండూ ఒకేసారి ఎత్తితే, ప్రసంగం ఇవ్వలేదన్న కోపంతోనే పాత సంగతి తవ్వుతున్నావని ఆయన అనుకుంటారు, మీరు ఎంత చెప్పినా ఆ అనుమానం పోదు. రెండింటి మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉంచండి.

ఎలా వెళ్లాలంటే: ఆదివారం ఆరాధన అయ్యాక వద్దు, శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు వద్దు. సోమవారమో మంగళవారమో, ఆయనకు తీరికుండే సమయం ముందుగా అడిగి, ఒక్కరే వెళ్లండి. వాట్సాప్‌లో రాయొద్దు. రాసిన మాటకు గొంతు ఉండదు, పైగా అది ఇంకొకరికి చేరుతుంది. చెప్పాల్సింది నాలుగు మాటలే. "అయ్యగారూ, నాన్న విషయంలో మీరు చేసింది నేను మరిచిపోను. ఒక సంగతి మనసులో ముల్లులా ఉంది, అది మీకే చెప్పాలని వచ్చాను. మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాట యూత్ మీటింగ్‌లో వచ్చింది. నేనని అందరికీ తెలిసిపోయింది. అప్పటినుంచి మీతో ఏదీ చెప్పుకోలేకపోతున్నాను." అంతే, ఆగిపోండి. ఆయన మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీ మాటలతో నింపొద్దు. "పర్లేదులెండి" అని మీరే తేల్చేయొద్దు, అది పర్లేని సంగతి కాదు.

ఆయన తప్పు ఒప్పుకుంటే మనసారా తీసుకోండి. తీసుకుని ఒక్కటే అడగండి: ఇకమీదట నా సంగతి ఎక్కడ చెప్పాలన్నా నన్ను అడిగి చెప్పండి. "నీ మంచికే చెప్పాను, ఇంకొందరు జాగ్రత్తపడతారని" అంటే వాదించకండి. "నాకు మంచి జరగలేదు అయ్యగారూ" అని ఒక్కసారి చెప్పి లేచి రండి. అలాంటప్పుడు మీ రహస్యాలు ఆయన దగ్గర పెట్టడం మానేసి, ఆయన దగ్గర నేర్చుకోదగ్గవి నేర్చుకోవచ్చు. నమ్మకమంటే మొత్తంగా ఉండాలి, లేకుంటే అసలే ఉండకూడదు అనేం లేదు. మంచి ప్రసంగీకుడు మాట దాచలేనివాడు కావచ్చు. ఇక మూడోది, ఆయన కోపగించి తిరుగుబాటు అన్నా, వచ్చే ఆదివారం మీ మీదికే ప్రసంగం పెట్టినా, సంఘ పెద్దల్లో నిదానస్తుడైన ఒకరిని తోడు తీసుకుని మళ్లీ ఒకసారి వెళ్లండి. మత్తయి 18లో వరస అదే: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు. అంటే పెద్ద మీద ఫిర్యాదు ఉండవచ్చనీ, దాన్ని వినాలనీ పౌలుకు తెలుసు. సాక్షులు లేకుండా పదిమందిలో పరువు తీయకూడదన్నదే ఆయన పెట్టిన కట్టుబాటు. మీరు యూత్ కుర్రాళ్ల దగ్గర ఈ సంగతి ఎత్తితే ఆ కట్టుబాటు మీరే దాటినట్టు.

అభిషిక్తులను ముట్టకూడదన్న మాట 105వ కీర్తనలోది. అక్కడ మాట్లాడుతున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. పరదేశులుగా తిరుగుతున్న వాళ్లకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం. బలం లేనివాళ్లను బలవంతుల నుంచి కాపాడిన మాట అది. పీఠం మీదున్నవాడిని ఎవరూ ప్రశ్నించకూడదని చెప్పడానికి అది పనికిరాదు. దావీదు "యెహోవా అభిషిక్తుడు" అని తనను చంపజూసిన సౌలు రాజు మీద చెయ్యి ఎత్తలేదు, నిజమే. కానీ సౌలు ఈటె విసిరినప్పుడు గోడకు ఆనుకుని నిలబడనూ లేదు, తప్పుకుని వెళ్లిపోయాడు. దూరం నుంచి నిలబడి, నువ్వు చేస్తున్నది తప్పని చెప్పాడు కూడా. చెయ్యి ఎత్తకపోవడం, దూరం జరగడం, నిజం చెప్పడం మూడూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఆ అలవాటు గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది బయటపడిన అవమానంలో అసలు దానికి సహాయం దొరకకుండా పోయింది. దీనికి పాస్టరే కావాలని లేదు. మీ వయసువాడో, మీకన్నా ఐదారేళ్లు పెద్దవాడో, నోరు జారని ఒక మగమనిషి చాలు. వారానికి ఒకరోజు, ఒకే వేళకు, "ఈ వారం ఎలా ఉంది?" అని సూటిగా అడగాలి, మీరు సూటిగా చెప్పాలి. అడపాదడపా ఉద్వేగంలో ఏడ్చి చెప్పుకోవడం కన్నా ఈ పదినిమిషాల క్రమం బాగా పనిచేస్తుంది. రాత్రి పదింటికి ఫోన్ మీ అమ్మగారి గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి, అలారానికి ఒక చవక గడియారం కొనుక్కోండి. ఏ రోజుల్లో పడుతున్నారో చూసుకోండి. కొట్టులో చీవాట్లు తిన్న రోజా, ఆదివారం అలసిపోయిన రాత్రా? చాలామందికి అది కోరిక కన్నా ఒంటరితనం ముదిరిన రోజున ఎక్కువ. నిద్ర, పని చెడిపోయేంతగా ఉంటే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడొద్దు, ప్రార్థనకు అది పోటీ కాదు.

ఇక రెండు వారాల తర్వాత, గాయం సంగతి కొంతైనా మెత్తబడితే, నేర్పమని అడగండి. "నన్ను నడిపించండి అయ్యగారూ" అని గాలిలో అడిగితే "తప్పకుండా బాబూ" అని గాలిలోనే జవాబొస్తుంది. కాగితం మీద రాసుకుని వెళ్లండి. గడువు ఆరు నెలలు. రెండు వారాలకొకసారి ఒక గంట, మొత్తం పన్నెండు కూడికలు. ఆరు నెలల తర్వాత కొనసాగాలా వద్దా ఇద్దరూ కలిసి చూసుకోవడం. గడువు చెబితే ఆయనకు భయం తగ్గుతుంది. గడువు లేని మాట ఇచ్చి మధ్యలో వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఆ ఆరు నెలల్లో ఏం నేర్చుకోవాలి? ప్రసంగమే అనుకుంటారు అందరూ. ప్రసంగం కన్నా ముందు మరణం జరిగిన ఇంటికి ఆయనతో వెళ్లండి. అక్కడ ఆయన ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు, ఏ వాక్యభాగం చదువుతారు, సమాధి దగ్గర ఎంతలో ముగిస్తారు, ఇవన్నీ చూడండి. అందరూ వెళ్లిపోయాక, నాలుగో రోజో ఐదో రోజో మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలన్న సంగతి ఏ కళాశాలా గట్టిగా నేర్పదు. వేలూరులో మీ నాన్నగారి పక్కన ఆయన కూర్చున్న 11 రోజులు మీకు తెలుసు, ఆ పని ఎలా చేస్తారో ఆయన నోటితో చెప్పించుకోండి. నా అంచనా, ఆయన దగ్గర మీరు నేర్చుకోగలిగినవాటిలో అదే అన్నిటికన్నా విలువైనది. కానుకలు లెక్కపెట్టేటప్పుడు కూర్చోండి. ఇద్దరు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, ఆ రోజే పుస్తకంలో ఎక్కించడం అలవాటు లేకపోతే ఎంత మంచి సేవకుడి మీదైనా ఒకరోజు మాట వస్తుంది. భార్యాభర్తల గొడవ పడిన ఇంటికి వెళ్లేటప్పుడు, వాళ్లు ఒప్పుకుంటేనే, వెంట వెళ్లండి.

వాక్యం చెప్పడానికి మెట్లు వేరు. మొదటి రెండు నెలలు ఆయన ప్రసంగాన్ని ముందు చూడటం: మంగళవారం ఆయన ఏ భాగం తీసుకున్నారో అడిగి, మీరు కూడా అదే భాగం నుంచి ఒక పేజీ రాసుకుని, ఆదివారం విన్నాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూడో నెలలో పది పన్నెండు మంది వచ్చే ఇంటి కూడికలో పదిహేను నిమిషాలు, ఆయన అక్కడ ఉండగా. ఐదో నెలలో ఆయన లేకుండా ఒకచోట, తిరిగొచ్చి ఎలా జరిగిందో చెప్పడం. దిద్దడం రెండు రోజుల్లోపు జరగాలి, వారం దాటితే ఇద్దరికీ సగం గుర్తుండదు. "బాగుంది బాబూ, దేవుడు వాడుకున్నాడు" అంటే అది దీవెన అవుతుందేగానీ దిద్దుబాటు కాదు. మీరే ప్రశ్నలు పట్టుకెళ్లండి: ఆ భాగంలో ఉన్నదే చెప్పానా, నేను అనుకున్నది అందులో పెట్టానా? వినేవాళ్లు ఎక్కడ చెదిరిపోయారు? ఏ మాట తీసేస్తే నష్టం ఉండేది కాదు? ఎవరినైనా గుచ్చేలా ఉదాహరణ చెప్పానా? ఈ చివరి ప్రశ్న మీరు అడిగితే ఆయనకూ ఒక మాట తగులుతుంది.

ఇంత చెప్పినా ఆయన "దేవుని సమయం" అనే అంటే? అప్పుడు ఇంకొకరిని వెతకండి. దీనికి సంఘం వదలాల్సిన పనిలేదు. మార్గదర్శి అంటే ఒక్కడే, అన్నీ ఆయనే అనుకోవడం వల్ల చాలామంది యువకులు ఎదురుచూస్తూ ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర మొదలైంది, పని పౌలు దగ్గర అబ్బింది. అపొల్లోను చూడండి, లేఖనాలలో ప్రవీణుడు, మాటకారి. అలాంటివాడికి దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించింది డేరాలు కుట్టుకునే దంపతులు అకుల, ప్రిస్కిల్ల. సమాజమందిరంలో లేచి తప్పుపట్టలేదు, ఇంటికి చేర్చుకుని చెప్పారు. మీకూ మూడు రకాల మనుషులు కావాలి. లేఖనం చదవడం నేర్పేవాళ్లు ఒకరు, తిరుపతిలో పదవీ విరమణ చేసిన పాస్టర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు, వాళ్లకు సమయం ఉంది, అడిగేవాళ్లే లేరు. మీ నడవడి చూసి సూటిగా చెప్పేవాళ్లు ఒకరు, ఆ వారంవారం అడిగే మనిషే కావచ్చు. పనిచేసుకుంటూ విశ్వాసంతో బతకడం చూపించేవాళ్లు ఇంకొకరు, రైల్వే ఉద్యోగో, నర్సో, కొట్టు నడుపుకునేవాడో. మీ సంఘంలో ముప్పై ఏళ్లుగా ముందు వరసలో కూర్చునే ముసలమ్మను కూడా లెక్కలోంచి తీసేయొద్దు. ప్రార్థన నేర్పడానికి ఆమెకు పీఠం అక్కర్లేదు. యూట్యూబ్ బోధకులు ఈ లెక్కలోకి రారు. వాళ్ల మాటలు మంచివి కావచ్చు, కానీ మీరెవరో వాళ్లకు తెలియదు, మీ తప్పు వాళ్లకు కనిపించదు.

ఎవరినైనా ఎంచుకునే ముందు ఒక పని తప్పక చేయండి. ఆయన దగ్గర పనిచేసి బయటకెళ్లిన ఇద్దరితో మాట్లాడండి. వాళ్ల గురించి ఆయన ఎలా మాట్లాడతారో కూడా వినండి. వెళ్లినవాళ్లందరూ ద్రోహులేనని చెప్పేవాడి దగ్గర రేపు మీరూ ఒక ద్రోహి. "అక్కడ నాదే తప్పు" అనే మాట ఆయన నోట ఎప్పుడైనా వచ్చిందా? ఇంట్లో భార్యాపిల్లలు ఆయన ముందు భయం లేకుండా మాట్లాడతారా? అప్పులు అడిగే అలవాటుందా? మీరూ ఆయనా డబ్బు ఇచ్చిపుచ్చుకోవద్దు, ఎంత చిన్న మొత్తమైనా. బయట మార్గదర్శి దొరికితే మీ పాస్టర్ గారికి ఆ సంగతి మీరే చెప్పండి. ఆయనకు ఇంకొకరి ద్వారా తెలిస్తే చదువు కుట్రలా కనిపిస్తుంది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి డోర్నకల్‌లో తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య గారు లేచి, మిషనరీలు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు ధారపోశారు, కానీ మాకు కావలసింది స్నేహితులు అని చెప్పారు. అజమాయిషీ చేసే దొరలను చూసి ఆయన పడిన బాధ అది. రెండేళ్లకు ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యారు, పల్లె ఉపదేశకులను కుటుంబాలతో సహా తెచ్చుకుని, భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పించారు. దొరల వైపు ఆయన చూపిన ఆ వేలు ఇప్పుడు మన సొంత పాస్టర్ల వైపూ తిరగాలి, రేపు మీరు పాస్టరైతే మీ వైపూ.

పుత్తూరు పిలుపు గురించి. ఆ బోధకుడి మనసు నాకు తెలియదు, కాబట్టి ఆయన్ను తప్పుపట్టను. కానీ ఆయన ఇస్తున్నది అభిషేకం, బ్రాంచి, జీతం. మీరు కావాలంటున్నది నేర్పడం. ఆ మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు ఎక్కడ ఆకలితో ఉన్నారో అక్కడే మళ్లీ ఉంటారు, ఈసారి ఒంటరిగా, ముప్పైమంది భారం నెత్తిన పెట్టుకుని. చేతులుంచడంలో, అంటే అభిషేకించడంలో, తొందరపడవద్దని, మొదట పరీక్షించబడాలని, కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిని చేయవద్దని పౌలు ఒకే ఉత్తరంలో మూడు రకాలుగా రాశాడు. చట్టం వైపు నుంచి కూడా ఒకటి తెలుసుకోండి. ఎవరో చేతులుంచినంత మాత్రాన పెళ్లిళ్లు చేసే అధికారం రాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఎవరు చేయించవచ్చో నిర్ణయం ఉంది. స్వతంత్ర సంఘాల సేవకులకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి, అధికారం లేకుండా చేయిస్తే శిక్ష ఉంది. మూడు నెలల అభిషేకంతో తొలి పెళ్లి చేయించి, అవసరమైన వేళకు ఆ జంటకు రిజిస్ట్రేషన్ కాగితం దొరకక మీ ఇంటికి వస్తే ఏం చెబుతారు?

అయినా ఆ పిలుపు మనసులో నిలిచే ఉంటే ఆయన్ను అడగండి: సంస్థ ఏ పేరు మీద రిజిస్టరైంది, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, పుత్తూరులో స్థలం ఎవరి పేరున ఉంటుంది, నా పనిని ఎవరు ఎన్నాళ్లకొకసారి వచ్చి చూస్తారు, 8,000 ఎన్ని నెలలు, ఆగిపోతే ఏం చేయాలి. ఈ ప్రశ్నలకు నొచ్చుకునేవాడి దగ్గరికి వెళ్లకండి. నొచ్చుకోకుండా జవాబిస్తే, అప్పుడు కూడా ఆరు నెలలు నెలకో ఆదివారం వెళ్లి చూసి రండి. ఏదేమైనా కొట్టులో పని మాత్రం ఇప్పుడు వదలొద్దు. చేతిలో పని ఉన్నవాడే "కాదు" అని చెప్పగలడు.

చివరికి మీ సంఘం విడిచి వెళ్లడమే సరైనదని తేలవచ్చు. అది దానంతట పాపం కాదు. తమతో పనిచేసిన యువకుడు మార్కు విషయంలో పౌలు, ఆయన తోటి సేవకుడు బర్నబా తీవ్రంగా విభేదించి విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు వెళ్లాడు. ఏళ్ల తర్వాత అదే పౌలు, మార్కు పరిచర్యకు ప్రయోజనకరుడు, వెంటబెట్టుకుని రమ్మని రాశాడు. ఎలా వెళ్తారన్నది ముఖ్యం. మూడు నెలల ముందు చెప్పండి. ఆ మూడు నెలల్లో ఇద్దరికి మిక్సర్ నేర్పండి: ఏ వైరు ఎక్కడికో టేపు అంటించి రాసిపెట్టండి, మైకు కూతపెడితే ముందు ఏ నాబ్ తగ్గించాలో చూపించండి. మీకు ఎవరూ నేర్పలేదన్న బాధతో వెళ్తూ, మీ పని ఎవరికీ నేర్పకుండా వెళ్తే ఆ బాధకు అర్థం ఉండదు. తాళాలు అప్పగించి సంతకం తీసుకోండి. యూత్ ఫోన్ నంబర్లు వెంట తీసుకెళ్లొద్దు. కారణం అడిగినవాళ్లకు "నేర్చుకోవడానికి వెళ్తున్నాను" అన్న ఒక్క మాట చాలు. ఏడాది పాటు ఆ సంఘపు కుటుంబాలు పిలిచినా ప్రార్థన కూడికలు పెట్టొద్దు.

ఇక ఆ ఆరుగురు. మీకు మార్గదర్శి లేడని రాశారు, కానీ వాళ్లకు మీరే మార్గదర్శి, ఇప్పటికే. వాళ్లలో ఇద్దరి ఇళ్లవాళ్లు ఏ సంఘానికీ వెళ్లరని రాశారు. తల్లిదండ్రులకు తెలిసి, వాళ్లు ఒప్పుకుంటేనే ఆ పిల్లలు రావాలి. ఇంటింటికీ వెళ్లి మీరే అడగండి, ఒప్పుకోకపోతే గౌరవంగా ఆగిపోండి. మీరు ఒక్కరే వాళ్లతో ఉండొద్దు, ఇంకో పెద్దవాళ్లు ఉండాలి, మీ అమ్మగారైనా సరే. తలుపు తీసి ఉంచండి, ఒక్క పిల్లవాడినే బైకు మీద ఎక్కడికీ తీసుకెళ్లొద్దు, రాత్రి ఎనిమిది దాటాక మెసేజీలు వద్దు. వాళ్లు మీతో చెప్పుకున్నది మీ దగ్గరే ఉండాలి. మీకు జరిగింది వాళ్లకు జరగకూడదు. దీనికి ఒకటే మినహాయింపు. ఏ పిల్లవాడి మీదైనా లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, జరగబోతోందని అనుమానం వచ్చినా, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. "ఎవరికీ చెప్పను" అని ఏ పిల్లవాడికీ ముందే మాటివ్వకండి. "నీకు హాని లేనంతవరకు ఎవరికీ చెప్పను" అని చెప్పండి.

రెండేళ్లుగా ఆరుగురూ కూర్చుని మీరు చెబితే వింటున్నారని రాశారు. వాళ్లలో పదో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు కదా, వచ్చే ఆదివారం వాక్యభాగం అతనిచేత చదివించండి. శనివారం ఫోన్ చేసి ఒకసారి చదివించుకుని, పలకడం కష్టమైన పేర్లు ముందే చెప్పండి. చదివాక మిగతావాళ్లను ఒక ప్రశ్న అడగమనండి. కూడిక అయ్యాక, మీ అమ్మగారు కాఫీ పెట్టే లోపు, వరండాలో కూర్చుని ఎలా అనిపించిందో అతన్ని అడగండి.